బడి వేధింపులపై కొరియన్ సీరియళ్లు: ఏది ఎవరికి తగును?

కొరియన్ సీరియళ్లకు కొత్తగా అలవాటుపడినవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నల్లో, బడి వేధింపుల కథల్లో దేనితో మొదలుపెట్టాలన్నది ఒకటి. అడిగినవాళ్లెవరో చూడకుండానే చాలామంది ‘ద గ్లోరీ’ పేరు చెప్పేస్తారు. అది మంచి సీరియల్ అన్నదానిలో నాకు సందేహం లేదు. కానీ పద్నాలుగేళ్ల కూతురిని పక్కన కూర్చోబెట్టుకుని శనివారం రాత్రి చూద్దామనుకునే తల్లికీ, హాస్టల్లో తిన్న దెబ్బలు ఇంకా మరచిపోలేని కుర్రవాడికీ, తొమ్మిదో తరగతికి పాఠాలు చెప్పే ఉపాధ్యాయుడికీ అదొక్కటే సూచించడం, జ్వరానికీ కడుపునొప్పికీ ఒకే మాత్ర చేతిలో పెట్టడమే.

ఈ సీరియళ్లలో కొట్టేవాళ్లూ, దెబ్బలు తినేవాళ్లూ దాదాపు ఒకేలా కనిపిస్తారు. ఒకవైపు డబ్బూ పలుకుబడీ ఉన్న ఇంటి పిల్ల, ఇంకొకవైపు అడిగే దిక్కు లేని పిల్ల. తేడా అంతా మూడో మనిషి దగ్గర తెలుస్తుంది. వెనక వరుసలో కూర్చుని చూస్తూ ఊరుకున్న సహవిద్యార్థిని, స్టాఫ్‌రూమ్ తలుపు దగ్గరగా వేసుకున్న టీచరును, డబ్బు తీసుకుని కాగితం మీద సంతకం పెట్టిన తల్లిని ఒక సీరియల్ ఏ స్థానంలో నిలబెట్టిందో గమనిస్తే, అది ఎవరు చూడదగ్గదో తేల్చుకోవడం సులువవుతుంది. ఇక్కడ పోలికకు నేను పెట్టుకున్న కొలత అదే. ముగింపులు బయటపెట్టను. అయితే కథ నడుమ జరిగే కొన్ని సంగతులు చెప్పక తప్పదు.

చూసే ముందు తెలియవలసిన కొన్ని మాటలు

బడి హింసను కొరియాలో ‘హక్‌పొక్’ అంటారు. బడి, హింస అనే అర్థాలున్న రెండు మాటలను కుదించగా వచ్చిన పదమిది. తరగతి మొత్తం కలిసి వెలివేసిన పిల్లను ‘వాంగ్తా’ అంటారు. బడిలో పెత్తనం చేసే ముఠా పిల్లలు ‘ఇల్జిన్’. ఆ ముఠా కోసం విరామం గంట కొట్టగానే దుకాణానికి పరుగెత్తి, చాలాసార్లు తన డబ్బుతోనే తినుబండారాలు కొని తెచ్చే పిల్లవాడికి ‘రొట్టె షటిల్’ అని పేరు. సబ్‌టైటిళ్లలో ఈ ఛాయలు చాలావరకు ఒకే మాటలో కలిసిపోతాయి కనుక, సంభాషణను చెవితో పట్టుకోవడం అలవాటు చేసుకుంటే ఎవరు ఎవరిని ఏ మెట్టు మీద ఉంచుతున్నారో తెలుస్తుంది.

మనకు తెలిసిన ర్యాగింగ్‌తో దీన్ని ఒకటిగా చూస్తే కథ సగం అర్థం కాదు. ర్యాగింగ్‌కు విడిగా చట్టం కావలసి వచ్చేంత సమస్య మన కళాశాలల్లో ఉండబట్టే ఆంధ్రప్రదేశ్ 1997లో నిషేధ చట్టం తెచ్చింది. కాని అందులో సీనియర్, జూనియర్ అనే గీత ఒకటి ఉంటుంది, ఏడాది తిరిగేసరికి ఆ గీత జరుగుతుంది. కొరియా బడిలో పిల్లలు దాదాపు రోజంతా ఒకే గదిలో ఉంటారు. పీరియడుకొక టీచరు ఆ గదికి వచ్చి వెళతారు. హైస్కూలు స్థాయిలో సాయంత్రం దాటాక కూడా చదువులు సాగుతాయి. వేధించేవాడు, పడేవాడు, చూసేవాడు అందరూ ఒకే ఈడు, ఒకే తరగతి, ఒకే నాలుగు గోడలు. అందుకే ఈ సీరియళ్లలో చూసేవాడికి ‘నాకు తెలియదు’ అనే దారి ఉండదు.

బడి హింస నివారణ కోసం కొరియా 2004లో ప్రత్యేక చట్టం చేసింది. తప్పు తేలిన విద్యార్థిపై రాతపూర్వక క్షమాపణ మొదలు బడి నుంచి తొలగింపు దాకా తొమ్మిది అంచెల చర్యలుంటాయి. విచారణ సంఘం ఒకప్పుడు బడిలోనే కూర్చునేది; 2020 నుంచి ఆ బాధ్యత ప్రాంతీయ విద్యా సహాయ కార్యాలయాలకు మారింది. పాత సీరియళ్లలో ప్రిన్సిపాలూ, తల్లిదండ్రులూ ఒకే బల్ల చుట్టూ చేరి సంగతిని నొక్కేసే సన్నివేశాలు అంత ఎక్కువగా ఎందుకున్నాయో ఈ ఒక్క వివరంతో బోధపడుతుంది.

ద గ్లోరీ: చూసినవాళ్లను కూడా లెక్కలో వేసిన పగ

కిమ్ ఉన్-సుక్ రచన, ఆన్ గిల్-హో దర్శకత్వంలో ‘ద గ్లోరీ’ నెట్‌ఫ్లిక్స్‌లో 2022 డిసెంబరు 30న ఎనిమిది ఎపిసోడ్లుగానూ, 2023 మార్చి 10న మరో ఎనిమిదిగానూ విడుదలైంది. రచయిత్రి ప్రేమకథలకు పేరుమోసినవారు. నాయిక సాంగ్ హే-క్యో కూడా ప్రేక్షకుల మనసులో ప్రేమకథల కథానాయికే. ఇద్దరూ కలిసి ఇలాంటి కథ ఎత్తుకోవడమే అప్పట్లో పెద్ద విశేషం.

మూన్ డాంగ్-ఉన్ అనే పేద పిల్లను ఐదుగురు సహవిద్యార్థులు వ్యాయామశాలలో, జుట్టు వంకీలు తిప్పే వేడి పరికరంతో ఒళ్లంతా కాలుస్తారు. 2006లో చొంగ్జు నగరంలోని ఒక మాధ్యమిక పాఠశాలలో నిజంగా జరిగిన ఘటనతో దీనికున్న పోలికను కొరియా పత్రికలు గుర్తుచేశాయి. ఆ అమ్మాయి ఫిర్యాదు చేస్తే క్లాసు టీచరు స్టాఫ్‌రూమ్‌లో అందరి ముందూ ఆమెనే కొడతాడు, కన్నతల్లి డబ్బు తీసుకుని బడి మానడానికి కారణం ‘సర్దుకోలేకపోవడం’ అని రాసి సంతకం పెడుతుంది. అక్కడి నుంచి కర్మాగారంలో పని, తర్వాత చదువు, ఆ తర్వాత ప్రాథమిక పాఠశాలలో ఉద్యోగం. చివరికి తనను కాల్చిన పార్క్ యోన్-జిన్ కూతురికే ఆమె క్లాసు టీచరు అవుతుంది.

ఈ సీరియల్ బలం దాని పగలో కన్నా, పగ జాబితాలో ఎవరి పేర్లున్నాయన్న దానిలో ఉంది. కొట్టిన ఐదుగురితో పాటు కళ్లు మూసుకున్న టీచరు, అమ్ముకున్న తల్లి అదే లెక్కలోకి వస్తారు. అందరికన్నా నన్ను వెంటాడిన పాత్ర క్యోంగ్-రాన్. డాంగ్-ఉన్ బడి మానేశాక ఆ ఐదుగురి చేతికి చిక్కిన పిల్ల ఈమె. పెద్దయ్యాక కూడా వాళ్ల దుకాణంలోనే జీతానికి పనిచేస్తూ, తల వంచుకుని బట్టలు మడతపెడుతూ ఉంటుంది. తెర మీద ఆమె కనిపించేది తక్కువే. పగ తీర్చుకోగలిగిన డాంగ్-ఉన్ కథలో ఎంతో కొంత కల్పన ఉంది కాని, ఎటూ వెళ్లలేకపోయిన క్యోంగ్-రాన్ కథలో నాకు ఒక్క పొల్లు మాట కనబడలేదు.

రెండో భాగం వచ్చాక ఇది నెట్‌ఫ్లిక్స్ ఆంగ్లేతర సీరియళ్ల ప్రపంచ జాబితాలో మొదటి స్థానానికి చేరింది. కొరియాలో సినిమాలకూ, సీరియళ్లకూ ఇచ్చే బెక్‌సాంగ్ పురస్కారాల్లో 2023లో ఉత్తమ సీరియల్, ఉత్తమ నటి బహుమతులు దీనికే దక్కాయి. యోన్-జిన్‌గా నటించిన లిమ్ జి-యోన్ ఉత్తమ సహాయనటి అయ్యారు. కొరియాలో ఇది పెద్దలకు మాత్రమే పరిమితమైన సీరియల్. హింసను దాచకుండా చూపించే మొదటి ఎపిసోడ్ అన్నిటికన్నా కష్టమైనది, ఆ గాయాలు తర్వాత కూడా పదే పదే జ్ఞాపకాలుగా వస్తాయి. బడి రోజులు దాటి చాలా ఏళ్లయిన వారికి, గాయం మచ్చగా మారినవారికి ఇది సరిపోతుంది. పచ్చి గాయంతో ఉన్నవారికి నేను సూచించను.

వీక్ హీరో: స్నేహం ఎక్కడ విరుగుతుందో చూపే కథ

‘వీక్ హీరో క్లాస్ 1’ 2022 నవంబరులో కొరియాలోని వేవ్ అనే ఓటీటీలో ఎనిమిది ఎపిసోడ్లుగా వచ్చింది. వెబ్‌టూన్ (ఇంటర్నెట్‌లో వచ్చే బొమ్మల కథ) ఆధారంగా తీసిన ఈ సీరియల్‌ను 2025 మార్చిలో నెట్‌ఫ్లిక్స్ తన వేదిక మీదికి తెచ్చుకుంది. ఏప్రిల్ 25న ‘క్లాస్ 2’ను కూడా అక్కడే విడుదల చేసింది.

పార్క్ జి-హూన్ పోషించిన యోన్ షి-ఉన్ తరగతిలో మొదటి ర్యాంకు విద్యార్థి. ఎవరితోనూ మాట్లాడడు, ఒంట్లో పస లేదు. పరీక్ష జరుగుతున్న సమయంలో మెడ మీద మత్తు ప్యాచ్ అంటించి అతని ర్యాంకును దెబ్బతీయడంతో కథ మొదలవుతుంది. పెన్నూ, పుస్తకమూ, కిటికీ పరదా వంటి చేతికందిన వస్తువులతో, చదువుకున్న భౌతికశాస్త్రంతో అతను తిరగబడే తీరు చూసి చాలామంది దీన్ని ఫైటింగు సీరియల్‌గా జమకడతారు. పోరాట దృశ్యాలు బాగానే ఉన్నాయి, కాని ఆ ఎనిమిది ఎపిసోడ్ల గుండె వేరే చోట కొట్టుకుంటుంది.

ఓ బొమ్-సొక్ అనే పిల్లవాడు పేరున్న రాజకీయ నాయకుడి దత్తపుత్రుడు. ఇంట్లో తండ్రి కొడతాడు, పాత బడిలో తోటి పిల్లలు ఏడిపించారు. షి-ఉన్, సు-హో అనే ఇద్దరు అతనికి తొలిసారి నిజమైన స్నేహితులవుతారు. ఇన్‌స్టాగ్రామ్‌లో తాను అనుసరిస్తున్న సు-హో తనను తిరిగి అనుసరించలేదన్న చిన్న నొప్పి దగ్గర మొదలై, ఒక్కొక్క చిన్నబుచ్చుకోవడమూ లోపల పేరుకుంటూ, పడినవాడే పడగొట్టేవాడిగా మారే క్రమాన్ని ఈ సీరియల్ తొందరపడకుండా చూపిస్తుంది. బొమ్-సొక్‌ను క్షమించవచ్చా అన్న ప్రశ్న మీద ప్రేక్షకులు ఇప్పటికీ రెండు వర్గాలుగా చీలిపోతారు. ఒక వర్గం అతని ఇంటిని చూడమంటుంది, మరొకటి అతను చేసిన పనిని చూడమంటుంది. నాకు మొదట చూసినప్పుడు కోపమే మిగిలింది. రెండోసారి చూసినప్పుడు, ఆ ఇంట్లో ఒక్క పెద్దమనిషైనా అతని ముఖం వైపు చూసి ఉంటే అన్న ఆలోచన వచ్చింది.

పెద్దవాళ్ల సంగతికి వస్తే, ఇందులో వాళ్లు ఉన్నా లేనట్టే. షి-ఉన్ తల్లిదండ్రులు విడిపోయారు, ఇద్దరికీ పనులు ఎక్కువ. ఎవరూ దుర్మార్గులు కారు, ఎవరికీ తీరిక లేదు. ‘ద గ్లోరీ’లో డబ్బుకు అమ్ముడుపోయిన తల్లి కన్నా ఈ తీరిక లేని తల్లే మన అపార్ట్‌మెంట్లలో ఎక్కువగా కనిపిస్తుందని ఒప్పుకోవలసి ఉంటుంది.

‘క్లాస్ 2’లో షి-ఉన్ మరో బడికి మారతాడు, అనేక బడుల ముఠాలను కలిపి నడిపే ‘యూనియన్’ అనే వ్యవస్థతో తలపడతాడు. అక్కడి నుంచి ఇది బడి కథ కన్నా ముఠాల కథకు దగ్గరగా జరుగుతుంది. వేధింపుల గురించి ఆలోచించడానికి చూసేవాళ్లు మొదటి భాగంతో ఆగిపోవచ్చు. ఆ పిల్లల మీద మమకారం పెంచుకున్నవాళ్లు ఎలాగూ ఆగరు.

పిరమిడ్ గేమ్: ఓటు వేసిన ప్రతి చేతిదీ తప్పే

2024 ఫిబ్రవరి 29న టీవింగ్ అనే కొరియా ఓటీటీలో మొదలై మార్చిలో ముగిసిన ఈ పది ఎపిసోడ్ల సీరియల్ పూర్తిగా మూడో మనిషి గురించే తీసినది. ఒక బాలికల హైస్కూలులో, రెండో సంవత్సరం ఐదో సెక్షన్‌లో నెలకోసారి ఫోన్లలో ఓటింగు జరుగుతుంది. వచ్చిన ఓట్లను బట్టి ఎ నుంచి ఎఫ్ వరకు గ్రేడ్లు. ఒక్క ఓటూ రాని పిల్ల ఎఫ్. ఆ నెలంతా ఆమెను తరగతి మొత్తం ఏమైనా చేయవచ్చు. సైనికోద్యోగి కూతురైన సుంగ్ సు-జి ఊళ్లు మారుతూ అక్కడికి చేరి, మొదటి ఓటింగులోనే ఎఫ్ అవుతుంది. తనకన్నా ముందు చాలాకాలంగా ఆ స్థానంలో ఉన్న మ్యుంగ్ జా-ఉన్‌ను అర్థం చేసుకోవడమూ, ఆట వెనకున్న బెక్ హా-రిన్‌ను గుర్తించడమూ ఆమె కథ.

ఇక్కడ సు-జి చేతిలో ఆయుధమేమీ ఉండదు. ఒక్కొక్క ఓటరు దగ్గరికి వెళ్లి, ఎవరికి ఏ భయముందో తెలుసుకుని, ఓట్లు కూడగట్టడమే ఆమె చేసే పోరాటం. మన పంచాయతీ ఎన్నికలు దగ్గరగా చూసినవాళ్లకు ఆ ఎత్తుగడలు కొత్తగా అనిపించవు. డి గ్రేడు పిల్ల ఎఫ్ గ్రేడు పిల్లను ఎందుకు కొడుతుందంటే, కొట్టకపోతే వచ్చే నెల తాను ఎఫ్ అవుతానని. ఈ ఒక్క కారణాన్ని ఇంత స్పష్టంగా చెప్పిన సీరియల్ మరొకటి నేను చూడలేదు.

నేను చదివిన హైస్కూల్లో ఓటింగు యాప్ లేదు, ఫోన్లూ లేవు. అయినా తొమ్మిదో తరగతిలో ఎఫ్ గ్రేడు ఎవరిదో మా అందరికీ తెలుసు. అతని టిఫిన్ డబ్బా ఒకరోజు కిటికీలోంచి బయటపడింది. విసిరినవాడి పేరు చెప్పమని మాస్టారు అడిగితే నలభైమందిమి నేల చూపులు చూశాం. ఈ సీరియల్ ఆరో, ఏడో ఎపిసోడ్ చూస్తున్నప్పుడు ఆ డబ్బా రేకు మోత నాకు మళ్లీ వినిపించింది. నాకు ఇది దగ్గరవడంలో ఆ పాత రుణం కూడా కొంత ఉందని పాఠకులు గమనించి, నా పొగడ్తను ఆ మేరకు తగ్గించి తీసుకోవచ్చు.

లోపాలు లేకపోలేదు. హా-రిన్ వెనకటి కథ సాగదీతగా ఉంటుంది, కొందరు పిల్లల పాత్రలు వెబ్‌టూన్ గీతల్లాగే మిగిలిపోయాయి. పైగా దీనికొక చేదు అనుభవం తోడైంది. సీరియల్ పేరు మారుమోగుతున్న రోజుల్లో పిల్లలు దీన్ని నిజంగానే ఆటగా ఆడుతున్నారని ఉత్తర జొల్లా ప్రాంతంలోని కొన్ని బడులు తల్లిదండ్రులకు హెచ్చరిక లేఖలు పంపాయి. ఆట ఎంత క్రూరమో చూపడానికి తీసిన కథ నుంచి పిల్లలు ఆట నియమాలు మాత్రమే ఏరుకున్నారు. హైస్కూలు పిల్లలతో కలిసి చూడదలచినవారు ఈ సంగతి మనసులో పెట్టుకుని, కూడా కూర్చుని మాట్లాడగలిగితేనే పెట్టాలి.

స్కూల్ 2013, బ్యూటిఫుల్ వరల్డ్: పెద్దవాళ్లు తప్పించుకోలేని రెండు కథలు

కొరియా ప్రభుత్వ ప్రసార సంస్థ కేబీఎస్ 1999 నుంచి విడతలుగా తీస్తున్న ‘స్కూల్’ వరుసలో 2012 డిసెంబరులో మొదలైనది ‘స్కూల్ 2013’. ఇది పాతది, నెమ్మదైనది. నెట్‌ఫ్లిక్స్ మెరుపులకు అలవాటుపడిన కళ్లకు మొదటి రెండు ఎపిసోడ్లు చప్పగా తోచవచ్చు. అయినా ఈ మొత్తం జాబితాలో ఒక్కటే ఉంచుకోమంటే నేను దీన్నే ఉంచుకుంటాను.

గో నమ్-సూన్ అనే నెమ్మదస్తుడైన విద్యార్థి ఒకప్పుడు ముఠా నాయకుడు. ప్రాణమిత్రుడు పార్క్ హుంగ్-సూ కాలు విరగ్గొట్టి, అతని ఫుట్‌బాల్ ఆటను శాశ్వతంగా ఆపేసిన చరిత్ర అతనిది. ఆ హుంగ్-సూ అదే తరగతికి వచ్చి చేరతాడు. కొట్టినవాడు కథానాయకుడైనప్పటికీ అతని పాపాన్ని ప్రేమతోనో, కన్నీళ్లతోనో కడిగేయకుండా, రోజూ ఎదురుపడవలసిన అప్పుగా నిలిపి ఉంచడం ఈ సీరియల్ సాధించిన పని. లీ జాంగ్-సుక్, కిమ్ వూ-బిన్ అప్పటికింకా పెద్ద తారలు కారు. వారిద్దరి మధ్య మౌనాలను ప్రేక్షకులు ఇప్పటికీ తలుచుకుంటారు.

జాంగ్ నా-రా పోషించిన జంగ్ ఇన్-జే ఆ బడిలో కాంట్రాక్టు ఉపాధ్యాయిని. ఉద్యోగం ఎన్నాళ్లో తెలియదు, సహోద్యోగుల దగ్గర విలువ లేదు, తరగతిలో ఓ జంగ్-హో లాంటి ఇల్జిన్ పిల్లవాడిని వదులుకోవడానికి మనసొప్పదు. ఆమె చాలాసార్లు విఫలమవుతుంది. కొన్ని ఎపిసోడ్లలో ఆమె మంచితనమే పరిస్థితిని ఇంకా చెడగొడుతుంది. చూసి కూడా ఏం చేయాలో తెలియని టీచరును విలన్‌గానో, దేవతగానో చేయకుండా మనిషిగా చూపిన కథ కాబట్టి, ఉపాధ్యాయులకు నేను మరో ఆలోచన లేకుండా దీన్నే సూచిస్తాను.

తల్లిదండ్రుల కోసమైతే 2019లో జేటీబీసీ చానల్లో వచ్చిన పదహారు ఎపిసోడ్ల ‘బ్యూటిఫుల్ వరల్డ్’ ఉంది. బడి భవనం పైనుంచి పడి కోమాలోకి వెళ్లిన కొడుకుకు అసలేం జరిగిందో తెలుసుకోవడానికి ఒక తల్లీ తండ్రీ తిరిగే తిరుగుడే ఇందులో కథ. బడి దాన్ని ఆత్మహత్యాయత్నంగా రాసి ముగించాలని చూస్తుంది. ఎదుటి పక్షంలో ఉన్నది బడి యాజమాన్య కుటుంబం. ఆ ఇంటి ఇల్లాలు బాధితుడి తల్లికి స్నేహితురాలు. జో యో-జంగ్ నటించిన ఈ రెండో తల్లి పాత్ర కోసమైనా ఇది చూడాలి. కొడుకు మీద ప్రేమకొద్దీ చెప్పిన మొదటి అబద్ధం రెండోదాన్ని అడుగుతుంది, రెండోది మూడోదాన్ని. నా బిడ్డ బాధితుడైతే ఏం చేస్తానన్నది ప్రతి తల్లీ ఆలోచించే విషయమే. నా బిడ్డే కొట్టినవాడైతే అన్న ఆలోచనకు ఈ సీరియల్ పీట వేసి కూర్చోబెడుతుంది.

పక్కన పెట్టదగ్గవి, జాగ్రత్తగా చూడదగ్గవి

2009లో కేబీఎస్‌లో వచ్చిన ‘బాయ్స్ ఓవర్ ఫ్లవర్స్’తోనే ఎంతోమంది తెలుగువాళ్లకు కొరియన్ సీరియళ్ల పరిచయం జరిగింది. లీ మిన్-హో జుట్టు, లాకర్‌లో ఎర్ర కార్డు. ఆ కార్డు వచ్చిన పిల్లవాడిని బడి మొత్తం తరుముతుందని, తరిమించేది కథానాయకుడేనని అప్పట్లో మనం పెద్దగా పట్టించుకోలేదు. వేధింపు ఇందులో ప్రేమకు తొలి మెట్టు. చూస్తూ ఊరుకున్నవాళ్లు వట్టి గుంపు, వాళ్లకు ముఖాలే ఉండవు. జ్ఞాపకాల కోసం చూడండి, వేధింపుల గురించి తెలుసుకోవడానికి వద్దు.

2020 డిసెంబరులో టీవీఎన్ చానల్లో మొదలైన ‘ట్రూ బ్యూటీ’ అంతకన్నా మేలు. ముఖం బాగాలేదని పాత బడిలో అందరూ ఏడిపించిన పిల్ల, మేకప్ నేర్చుకుని కొత్త బడిలో అందగత్తెగా చలామణి అవుతుంది. పాత వీడియో బయటపడుతుందన్న భయం అందులో నిజాయితీగా ఉంది. మిగతాదంతా ముక్కోణపు ప్రేమ. పన్నెండు, పదమూడేళ్ల పిల్లలతో మాట మొదలుపెట్టడానికి ఆ తేలికదనం పనికివస్తుంది.

ప్రేక్షకులు ఏం కోరుకుంటున్నారు

కొరియా ప్రేక్షకుల మాటల్లో రెండు తిండి పదాలున్నాయి. అన్యాయం జరుగుతున్నా పాత్రలు నోరు మెదపకపోతే ఆ సన్నివేశం ‘గొగుమా’, అంటే చిలగడదుంప. నీళ్లు లేకుండా మింగితే గొంతులో అడ్డుపడినట్టుంటుందని. చెడ్డవాడికి తగిన శాస్తి జరిగితే అది ‘సైడా’, మనం గోలీసోడా కొట్టగానే వచ్చే హాయి లాంటిది. ఈ కొలతతో చూస్తే ‘ద గ్లోరీ’ రెండో భాగం సోడా, ‘స్కూల్ 2013’ ఆసాంతం దుంప. వేధింపుల కథలకు ఇటీవలి ఏళ్లలో పెరిగిన ఆదరణలో ఎక్కువ వంతు సోడా దాహమేనని నాకనిపిస్తుంది. బయట న్యాయం జరగదని తెలిసినవాళ్లు తెర మీదైనా జరగాలని కోరుకోవడంలో తప్పేమీ లేదు. అయితే సోడా కథల్లో చూస్తూ ఊరుకున్నవాళ్లమైన మనం కూడా బాధితురాలి పక్షాన కూర్చుని చప్పట్లు కొట్టేస్తాం, మన లెక్క తేలకుండానే.

చప్పట్లంటే గుర్తొచ్చింది. ‘ద గ్లోరీ’లో డాంగ్-ఉన్ తన శత్రువును పేరు పెట్టి పిలుస్తూ ‘భేష్’ అని చప్పట్లు కొట్టే మాట కొరియాలో సరదా పలకరింపుగా మారిపోయింది. చిన్నవాళ్లనూ, చనువున్నవాళ్లనూ పిలిచే ప్రత్యయంతో ఆమె ‘యోన్-జిన్-ఆ’ అంటుంది, మనం ‘ఏమే’ అన్నట్టుగా. కాల్చినవారిని అంత చనువుగా పిలవడంలోని వణుకు, హాస్యపు మీమ్‌లలోకి చేరాక మిగల్లేదు.

కథ బయట జరిగినవి ఇంకా పెద్దవి. 2021 నుంచే క్రీడాకారుల మీద, నటుల మీద పాత సహవిద్యార్థులు వరుసగా ఆరోపణలు చేయడం మొదలైంది. ఆ ఏడాది ఒక చారిత్రక సీరియల్ ప్రసారమవుతుండగానే కథానాయకుణ్ణి మార్చి, తీసిన భాగాలను మళ్లీ తీయవలసి వచ్చింది. ‘ద గ్లోరీ’ మొదటి భాగం తర్వాత థాయ్‌లాండ్‌లో దాని పేరుతోనే హ్యాష్‌ట్యాగ్ పుట్టి, ఒక యువనటుడు బహిరంగంగా క్షమాపణ చెప్పుకున్నాడు. రెండో భాగం విడుదలైన రోజునే దర్శకుడు ఆన్ గిల్-హో మీద, 1996లో ఫిలిప్పీన్స్‌లో చదువుకునే రోజుల్లో కొట్టాడన్న ఆరోపణ వచ్చింది. ఆయన మొదట కాదన్నారు, రెండు రోజులకు న్యాయవాది ద్వారా క్షమాపణ తెలిపారు. ఆ సంగతి తెలిశాక కొందరు సీరియల్‌ను సగంలో ఆపేశారు, మరికొందరు కథ వేరు, తీసినవాడు వేరు అన్నారు. ఈ రెండు భాగాల నడుమే, 2023 ఫిబ్రవరిలో, జాతీయ దర్యాప్తు సంస్థ అధిపతిగా నియమితుడైన మాజీ ప్రాసిక్యూటర్ తన కొడుకు చేసిన బడి వేధింపుల వ్యవహారం వల్ల మర్నాడే తప్పుకున్నాడు. ఆ ఏడాది ఏప్రిల్‌లో ప్రభుత్వం, వేధించిన విద్యార్థి బడి రికార్డులో తీవ్రమైన చర్యల నమోదును బడి చదువు ముగిశాక రెండేళ్లకు బదులు నాలుగేళ్లు ఉంచాలని, 2026 విద్యాసంవత్సరం నుంచి విశ్వవిద్యాలయ ప్రవేశాల్లో దాన్ని తప్పనిసరిగా లెక్కలోకి తీసుకోవాలని ప్రకటించింది. ఇందులో సీరియల్ వాటా ఎంతో, నిజజీవిత ఘటన వాటా ఎంతో విడదీయడం కష్టం.

ఇక ఎంచుకోవడం

ఒంటరిగా చూసే పెద్దవారు, హింసను తట్టుకోగలవారు, కథ బిగువు కోరుకునేవారు ‘ద గ్లోరీ’ని రెండు భాగాలూ కలిపి చూడండి, ఎనిమిదో ఎపిసోడ్ దగ్గర ఆపితే కథ నడిమధ్యలో వదిలేసినట్టే. దాని వెంటనే ‘పిరమిడ్ గేమ్’ చూస్తే, మొదటిది తీర్చిన దాహాన్ని రెండోది ప్రశ్నిస్తుంది. ఈ క్రమం తిరగేస్తే అంత బాగుండదు.

ఇంటర్, డిగ్రీ చదివే అబ్బాయిలకు ‘వీక్ హీరో క్లాస్ 1’. వాళ్లు ఫైట్ల కోసం కూర్చుంటారు, బొమ్-సొక్ దగ్గర మౌనమైపోతారు. చిన్న పిల్లలతోనైతే ‘ట్రూ బ్యూటీ’ తొలి ఎపిసోడ్లు చాలు. ఉపాధ్యాయులకు ‘స్కూల్ 2013’, తల్లిదండ్రులకు ‘బ్యూటిఫుల్ వరల్డ్’ అన్నది ముందే చెప్పాను. భార్యాభర్తలిద్దరూ కలిసి చూడడం మేలు, ఎందుకంటే ఆ రెండు ఇళ్లలోనూ భార్యకు తెలిసినది భర్తకు తెలియకపోవడమే సగం గొడవ.

మీ ఇంట్లో పిల్లవాడే ఇప్పుడు ఆ స్థితిలో ఉంటే, ఈ జాబితాలోని ఏదీ అతనికి చూపించకండి. బాధితుడు ఒంటరిగా దెబ్బలు తిని, ఒంటరిగా లేచి, ఒంటరిగా గెలవాలన్న భావన వీటిలో చాలావాటికి అడుగున ఉంది. ఆ వయసులో అది ఎక్కకూడని మాట. కొరియాలో ఇలాంటి ఫిర్యాదులకు 117 నంబరు ఉంది. మన దగ్గర పిల్లల సహాయానికి 1098, మానసిక ఒత్తిడికి టెలి-మానస్ 14416 పనిచేస్తాయి. సీరియల్ మీరు చూడండి, అదీ అతను నిద్రపోయాక, హెడ్‌ఫోన్లు పెట్టుకుని. ‘బ్యూటిఫుల్ వరల్డ్’ మొదటి ఎపిసోడ్‌లోనే బడి పైకప్పు దృశ్యం వస్తుంది.